పడకూడని రాత్రి

మా రాజధాని అబోమేలో రాజు చనిపోతే చనిపోయాడనరు, "రాత్రి పడింది" అంటారు. కొత్త రాజు గద్దెనెక్కితే "తెల్లారింది" అంటారు. అందుకే మామూలు రోజుల్లో చీకటి పడితే "పొద్దు దిగింది" అనడమే మా అలవాటు.

ఫ్రెంచివాళ్ళు మా రాజును ఓడెక్కించి నెలయింది. కాలిపోయిన కోట గుమ్మం దగ్గర ముసలి కావలిమనిషి దోసీ, నేనూ మిగిలాం. లోపల నరమానవుడు లేడు.

రెండేళ్ళు రేవులో తెల్లవాళ్ళ మూటలు మోసి వచ్చినవాణ్ణి. అక్కడి మాట అలవాటై నోరు జారాను.

"రాత్రి పడింది పెద్దమ్మా, దీపం పెట్టు."

ఆమె చేతిలో నూనె ఒలికింది. "ఏమన్నావురా వెధవా?"

అంతలో కోట లోపల ఆడవాళ్ళ ఏడుపు మొదలైంది. ముందు ఒక గొంతు, తర్వాత వంద.

"లోపలెవరున్నారు పెద్దమ్మా?"

"ఎవరూ లేరు. అందరినీ ఈ చేతులతోనే పూడ్చాను."

"పొద్దు దిగింది! పొద్దే దిగింది!" అని గొంతు చించుకుని అరిచాను. ఏడుపు ఆగలేదు.

"ఇప్పుడంటే ఏం లాభం? కూర్చో," అంది దోసీ. "తెల్లారాలంటే రాజు కావాలి. ఎవర్ని తెస్తావు?"

దీపంలో మూడుసార్లు నూనె పోశాం. ఒక్క కోడీ కూయలేదు. తూర్పు ఇంకా నల్లగానే ఉంది.