టెక్సస్‌కి చేరని కబురు

"స్లేవ్స్ అంటే, ఓనర్స్ వాళ్లని బయటికి పోనివ్వరు ఆంటీ. వార్ టైమ్‌లో లింకన్ ఆర్డర్ సైన్ చేశాడు, మన టెక్సస్‌లో కూడా అందరూ ఫ్రీ అని." మాయ తన స్కూల్ ప్రాజెక్టు గురించి చెబుతోంది.

గిన్నెలు తోముతున్న నూకాలు చేయి ఆగింది. అమెరికాలో ఈ ఇంటికి పనికొచ్చాక ఆమె ఒంటరిగా గడప దాటలేదు. కాకినాడ ఆసుపత్రిలో ఉన్న తన కూతుర్ని చూడాలని పొద్దున ఆమె మాయ తల్లి అయిన రేణు కాళ్లు పట్టుకుని బతిమాలింది. "నీ పాస్‌పోర్ట్ ఇవ్వను. బయటికెళ్తే పోలీసులు జైల్లో వేస్తారు" అంది రేణు.

"మరి ఎల్లిపోయారా పాపా?"

"నో. ఓనర్స్ వదల్లేదు. సోల్జర్స్ వచ్చేదాకా చాలామందికి తెలీనే తెలీదు."

"అంటే, ఆళ్లకి తెలీనప్పుడు కూడా ఆళ్లని ఆపే హక్కు ఎవరికీ లేదా?"

"లేదు ఆంటీ."

"నన్నాపే హక్కు మీ అమ్మకుందా?"

మాయ ఆమె ముఖంలోకి చూసింది. రోజూ చూసే ఆ ముఖం ఇప్పుడే కనబడినట్టనిపించింది. "లేదు" అంది.

గరాజ్ తలుపు లేచిన చప్పుడైంది. రేణు వచ్చేసింది.

నూకాలు వీధి తలుపు తీసి, తడిచేతులతో, చెప్పులైనా లేకుండా ఎండలోకి నడిచింది. ఫోన్‌లో పోలీసులకి తన ఇంటి అడ్రస్ చెబుతూ మాయ ఆమె వెనకే పరుగెత్తింది.