స్కాన్ అక్కర్లేదు

"స్కాన్ తియ్యరా? తియ్యకుండా ఇంటికెలా పంపిస్తారండీ?" నాయనమ్మ గొంతు ఎమర్జెన్సీ వార్డు ఆ చివరిదాకా వినిపించింది.

ఆరేళ్ళ మనవరాలు సోఫా మీంచి గెంతి టీపాయ్ అంచుకు తల కొట్టుకుంది. నుదుటి మీద బొప్పి కట్టింది. ఆ బొప్పి తప్పిస్తే పిల్ల లక్షణంగా ఉంది. మంచం మీద బాసింపట్టు వేసుకుని, డ్యూటీ డాక్టరమ్మ స్టెతస్కోపు లాక్కుని తన బొమ్మను పరీక్ష చేస్తోంది.

"వాంతి కాలేదు, స్పృహ తప్పలేదు. చూపూ నడకా అన్నీ బాగున్నాయి. పసిదాని తలకి ఊరికే రేడియేషన్ ఎందుకమ్మా? కొన్ని గంటలు ఇక్కడే ఉంచుకుని నేనే కనిపెట్టి చూస్తాను" అంది డాక్టరమ్మ.

"మా పక్కింటి పిల్లాడికి రెండుసార్లు తీశారు. మా పిల్ల ఒక్కదానికైనా నోచుకోలేదా?"

నర్సు డాక్టరమ్మ కోటు పట్టుకుని పక్కకి లాగింది. "మేడమ్, మీకెందుకొచ్చిన గొడవ? రాసి పారెయ్యండి. ఇంకొక్క పేషెంటుని స్కాన్ లేకుండా పంపితే ఉద్యోగం ఊడుతుందని పెద్ద డాక్టరుగారు మొన్న మీ మొహమ్మీదే చెప్పారు కదా!"

డాక్టరమ్మ ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. పైగా ఆ ఆస్పత్రి తీరే వేరు. జలుబు చేసి వచ్చినవాణ్ణి కూడా ముందు మిషన్లో పడుకోబెట్టి, ఆ తర్వాతే ఏమిటి బాధ అని అడుగుతారు. ఆమె కలం తీసింది. మంచం మీద పిల్ల, బొమ్మకి జ్వరం తగ్గిందని చెప్పి కిలకిలా నవ్వింది. డాక్టరమ్మ కలం మళ్ళీ జేబులో పెట్టేసింది.

ఇక మొదలైంది యుద్ధం. "మీరసలు చదువుకునే వచ్చారా? పైవాళ్ళని పిలవండి" అని పక్కనే ఉన్న పిల్ల తండ్రి కేకలేశాడు. డాక్టరమ్మ నొచ్చుకుంది గానీ లేవలేదు. స్టూలు లాక్కుని వాళ్ళ పక్కనే కూర్చుంది. ఏ లక్షణం కనిపిస్తే భయపడాలో, ఏది కనిపించినా భయపడక్కర్లేదో నోరు నొప్పెట్టేదాకా చెప్పింది. మధ్యమధ్యలో పిల్ల కళ్ళలో లైటు వేసి చూస్తూ, పేరేమిటని అడుగుతూ వచ్చింది.

"నాన్నా, ఈ ఆంటీకి ఎన్నిసార్లు చెప్పినా నా పేరు గుర్తుండట్లేదు. స్కాన్ ఈవిడకే తియ్యాలి" అంది పిల్ల విసుగ్గా.

తండ్రికి నవ్వాగలేదు. నాయనమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆవిడ డాక్టరమ్మ చేతులు పట్టుకుని, "ఇంతసేపు పక్కన కూర్చున్న డాక్టర్ని నా జన్మలో చూళ్ళేదు తల్లీ" అంది.

వాళ్ళు అటు వెళ్ళారో లేదో నర్సు పరుగున వచ్చింది. "పెద్ద డాక్టరుగారు రమ్మంటున్నారు మేడమ్. గాజు తలుపు అవతల్నుంచి అంతా చూశార్ట."

ఉద్యోగం ఊడితే ఊడిందిలే అని మనసు గట్టి చేసుకుని డాక్టరమ్మ ఆయన గదిలోకి అడుగుపెట్టింది.

ఆయన లేచి నిలబడి, స్వయంగా కుర్చీ జరిపాడు. "రామ్మా, కూర్చో. స్కాన్ తియ్యకుండానే వాళ్ళు నవ్వుకుంటూ ఇంటికెళ్ళేట్టు చేశావు! వైద్యమంటే ఇదీ. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఎమర్జెన్సీలో మిగతా డాక్టర్లందరికీ ఈ విద్య నువ్వే నేర్పాలి."

డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఈయన్ని ఎంత అపార్థం చేసుకున్నానో అని సిగ్గుపడింది. "ఎప్పట్నుంచి మొదలుపెట్టమంటారు సార్?"

ఆయన వెళ్ళి తలుపు గడియ వేసి వచ్చాడు.

"ఇప్పుడే, ఈ నిమిషమే! బయటికి పొక్కితే పేషెంట్లంతా ఎదురాస్పత్రికి పోతారు. మన స్కానింగ్ మిషన్ పొద్దున్నే చెడిపోయింది, బాగుచేసేవాడు సోమవారం గానీ రాడు."