బొమ్మ వణక్కూడదు

మంగళవారం పొద్దున జగ్గారావు ఫోన్లో చెరువు నల్లబడిపోయింది.

కొల్లేటి గట్టున ఉన్న పన్నెండెకరాల చేపల చెరువుని ఆయన ఏలూరులో మేడ మీద కూర్చుని ఫోన్లోనే పెంచుతాడు. చెరువు మొహం చూసి ఏడాది దాటింది. వెళ్తే చెప్పులకి బురద అంటుతుందట. అయినా పెళ్లాం మంగతాయారు మొహం మర్చిపోతాడేమో గానీ చేప మొహం మర్చిపోడు. "నా చేపని తోక చూసి చెప్పేస్తానండి" అని పెళ్లిభోజనాల దగ్గర కూడా చెప్తాడు.

వెంటనే ఫోన్ కొట్టాడు.

"ఏరా సత్యానందం, కెమెరాకేమైందిరా?"

కాపలా సత్యానందానికి యాభై ఎనిమిదేళ్లు. జగ్గారావుకి నలభై.

"కేబుల్ తెగిందండి. ఎలక కొరికినట్టుందండి."

"చేపలో?"

"ఒక్కటి కూడా ఎక్కడికీ పోలేదండి."

"జనరేటర్ డీజిల్?"

"ముట్టుకోలేదండి. డబ్బా మూత కూడా తియ్యలేదండి."

"అదీ! కాలవ అవతల పాపారావుని చూడు. చేపలకి ఊపిరాడదని కరెంటు పోయినా డీజిల్ పోసి నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిప్పుతాడు. వాడి చేపలకి ఆయాసం. మన చేపలకి అలవాటు."

"ఆయ్."

"గురువారం సాయంత్రం ఆరింటికి నా ఫోన్లోకి బొమ్మ రావాలి. వణక్కూడదు. వణికిందా, నేనే కారేసుకొస్తా. నేనొస్తే నువ్వూ, నీ పెళ్లాం సుగుణా, ఆ గుడిసే గట్టు మీద ఉండరు."

"మీకెందుకండీ శ్రమ. మెకానిక్కు కూడా వద్దండి. నేనే నేర్చుకుని వేసేస్తానండి."

మెకానిక్కు ఖర్చు తప్పినందుకు జగ్గారావు ఆ పూట రెండు గారెలు ఎక్కువ తిన్నాడు.

కెమెరా కేబుల్ చివర గుండ్రటి పిన్ను ఉంటుంది. దాని మీదికి ఓ లోహపు రింగు తోసి గట్టిగా నొక్కాలి. సత్యానందం కటింగ్ ప్లేయర్‌తో నొక్కాడు. పనయ్యేదాకా అయ్యగారికి కనపడకూడదని నెట్ డబ్బా ఆపేసి, గుడిసెలో చిన్న టీవీ పెట్టుకుని చూశాడు. బొమ్మ చలిజ్వరం వచ్చినట్టు వణికింది.

"పంటితో నొక్కండి" అంది సుగుణ.

"ఎలక కొరికిందని చెప్పి, నన్ను కొరకమంటావేంటే?"

బుధవారం ఏలూరు వెళ్లాడు. షాపాయన్ని పిన్ను నొక్కే క్రింపింగ్ టూల్ అడిగితే వెంటనే ఇచ్చాడు. బస్సూ, ఆటో, పడవా దిగి గట్టెక్కాక చూస్తే దాని నోరు నలుచదరంగా ఉంది. అది ఇంటర్నెట్ వైరుకట. గుండ్రటి పిన్ను అందులో దూరలేదు. సత్యానందం మోకాళ్ల మీద ప్రార్థన చేశాడు. అయినా దూరలేదు.

గురువారం తాడేపల్లిగూడెం బయల్దేరాడు. జగ్గారావంటే గిట్టని పాపారావే మోటార్ సైకిల్ మీద బస్టాండులో దింపి, "జాగ్రత్తగా నేర్చుకుని రా, సత్యానందం. నీ పిన్ను మీదే అంతా ఉంది" అన్నాడు. బస్సులో ముగ్గురి సీటు మొత్తం సత్యానందానికే వచ్చింది. మిగతావాళ్లు అతని ఒంటి నీచు వాసన పక్కన కూర్చోవడం కన్నా యాభై కిలోమీటర్లు నిలబడటమే హాయనుకున్నారు.

అక్కడ కెమెరాల షాపు నడిపే శాలిని ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"స్క్రూతో బిగించే రకం ఉంది, బాబాయ్ గారూ. దానికి టూలే అక్కర్లేదు."

"వణక్కూడదమ్మా."

"అయితే ఈ నొక్కే టూలే తీసుకోండి. ముందు రింగు కేబుల్‌కి ఎక్కించుకోవాలి. అందరూ మర్చిపోయేది అదే. తర్వాత పైతొక్క ఒలవండి. జాలీ తీగ ఒక్క పోగు కూడా లోపలి తీగని తాకకూడదు. ఆ మీదట పిన్ను దూర్చి నొక్కడమే. పూర్తిగా నొక్కేదాకా ఈ టూలు నోరు తెరవదు."

సత్యానందం మూడు పిన్నులు పాడుచేశాడు. మూడుసార్లూ రింగు మర్చిపోయాడు. నాలుగోది టక్‌మని కుదిరింది. ఆ చప్పుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకేం కావాలి?"

"నాలుగు పిన్నులు, ఓ జాయింటు, రెండొందల మీటర్ల కేబులమ్మా."

"ఎలక అంత పొడుగునా కొరికిందా?"

"పెద్ద ఎలకమ్మా. కొల్లేటిది."

సాయంత్రం ఆరింటికి ఐదు నిమిషాల ముందు నెట్ డబ్బా ఆన్ చేశాడు. ఆరింటికి ఫోన్ మోగింది.

"వచ్చిందిరా! మంగా, ఇలా రా! అదిగో, ఆ ఎర్రతోక శీలావతి చూడు... పిల్లప్పుడు నా చేత్తో వదిలానే, అదే! తోక చూసి చెప్పేస్తానన్నానా లేదా? ఎలా ఎగురుతున్నాయో చూడవే, డీజిల్ చుక్క లేకుండా!"

"ఆయ్" అన్నాడు సత్యానందం.

"బొమ్మ అద్దంలా ఉందిరా. అసలు వణకట్లేదు. ఇంత మంచి కెమెరా ఉండగా ఇంక మనిషెందుకు చెప్పు? రేపు పొద్దున్నే నువ్వూ నీ పెళ్లాం గట్టు దిగిపోండి. టూలు మాత్రం గుడిసెలో పెట్టి వెళ్లు, నా డబ్బుతో కొన్నది."

సత్యానందం సుగుణ వైపు చూశాడు. ఆమె మూట ముడేస్తోంది. మిగతా రెండు మూటలూ పొద్దున్నే కట్టేసి ఉన్నాయి.

"అలాగేనండి. మీరు మాత్రం చూస్తూ ఉండండి, అయ్యగారూ."

జగ్గారావు చూస్తూనే ఉన్నాడు. అన్నం తింటూ చూశాడు. చెయ్యి కడుక్కుంటూ చూశాడు. ఎర్రతోక శీలావతి మళ్లీ ఎగిరితే ఫోన్‌కి ముద్దు పెట్టాడు.

కెమెరా నల్లబడడానికి ముందు, సోమవారం రాత్రే కరెంటు పోయి జగ్గారావు చేపలన్నీ తెల్లారేసరికి ఊపిరాడక వెల్లకిలా తేలిపోయాయి. ఇప్పుడాయన మంగతాయారుకి ఒక్కొక్కదాన్నీ తోక చూసి గుర్తుపట్టి చూపిస్తున్నవి కాలవ అవతల పాపారావు చేపలు.