మరచెంబు

తుంబురు తీర్థం దారిలో మిగతా స్నేహితులు ముందుకు సాగిపోయారు. మాలపల్లె పెంచలయ్య బండమీద కూలబడ్డాడు.

"నీళ్లప్పా!"

అతని కోసం వెనక ఆగిన దొరస్వామి తన మూటలోంచి మరచెంబు తీసి, జానెడు ఎత్తునుంచి వంచాడు. పెంచలయ్య దోసిలి పట్టి, రెండు గుక్కలు తాగి ఆగాడు.

"మొన్న హరిజన సభలో చెంబు చేతికే ఇచ్చినావే! నా ఎంగిలి నువ్వు తాగితే జనం చప్పట్లు కొట్టిరి."

"అలవాటున వంచినానప్పా..."

"ఈడ సూసేవాళ్లు లేరు గదా."

దొరస్వామి ముఖం మాడిపోయింది. చెంబు చేతికిచ్చేశాడు. పెంచలయ్య నోటికి కరుచుకుని తాగి, సగం మిగిల్చాడు.

"ఇంద, నువ్వూ తాగు."

"నాకు దప్పిక లేదబ్బా." పొద్దున్నుంచి చుక్క నీళ్లు తగలని గొంతు బొంగురుగా పలికింది. దొరస్వామి తలెత్తలేకపోయాడు.

పెంచలయ్య చెంబుకు మూత బిగించి, అతని మూటలోనే పెట్టాడు.

"సరేలే. మళ్లీ సభ పెట్టినప్పుడు తాగుదువు."