ఉత్తరం ఒకటే, కవర్లు రెండు

“సంతకం పెట్టకండి సార్,” అంటూ టెస్టింగ్ ఇంజనీరు తలుపు తోసుకుని వచ్చింది. ఆస్పత్రికి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం కోసం పెద్ద కంపెనీతో రాసుకున్న ఒప్పందం మేనేజరు ముందుంది. ఆయన పెన్ను మూత కూడా తీశాడు.

“ఎందుకమ్మా? పెద్ద కంపెనీకి తొంభై మార్కులు, చిన్న కంపెనీకి నలభై. పరీక్ష పెట్టింది మీ వాళ్లేగా.”

“పెట్టిన తీరే తప్పు సార్. మన ప్రశ్నల్లో పెద్ద కంపెనీకి మాత్రమే అర్థమయ్యే గుర్తులు కలిపేశారు. వాటిని చూసి చిన్న కంపెనీ ప్రోగ్రాం తెల్లమొహం వేసింది.”

“ఆడలేక మద్దెల ఓడందట వెనకటికెవరో,” అని మేనేజరు నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు, తగ్గనూ లేదు. “ఆ పరీక్ష పెట్టే టూలును నేను మార్చి రాశాను. ప్రశ్నలు ఎవరికైనా అర్థమయ్యేలా ఒకచోట ఉంటాయి. వాటిని ఏ కంపెనీకి ఎలా పంపాలన్నది వేరేచోట. ఉత్తరం ఒకటే సార్, కవరు మీద అడ్రసే వేరు. మార్కులు మారకపోతే టూలుతోపాటు నన్నూ బయట పడేయండి.”

“నీ ఇష్టం. తర్వాత నన్నేం అనకు.”

పరీక్ష మళ్లీ నడిచింది. ఇద్దరికీ తొంభై. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. మేనేజరు మాత్రం కళ్లజోడు సర్దుకుని జవాబులు పక్కపక్కన పెట్టి చదవసాగాడు. అక్షరం పొల్లుపోకుండా రెండూ ఒకటే. తప్పులు సైతం. కళ్ల డాక్టరు ఎక్కడుంటారని అడిగితే రెండూ మేడ మీద వంటగదిలో అన్నాయి.

“కాపీ కొట్టారమ్మా. చిన్నవాళ్లు పెద్దవాళ్ల సరుకు ఎత్తుకొచ్చి మనకే అంటగడుతున్నారు. నీ టూలు దొంగను పట్టిచ్చింది.”

ఆయన ఆగలేదు. వెంటనే పెద్ద కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాడు. “ఏమండీ, మీ ప్రోగ్రాం దొంగలపాలైంది. చిన్న కంపెనీవాళ్లు చెప్పే జవాబులన్నీ మీవే. సాక్ష్యం నా దగ్గరుంది. కేసు వేస్తారా?”

అటువైపు మనిషి గొంతు బాగా తగ్గించాడు.

“కేసూ గీసూ ఎందుకులెండి సార్. ఆ ప్రోగ్రాం వాళ్లదే. మేమే అద్దెకు తెచ్చుకుని, పైన మా పేరు తగిలించుకున్నాం.”