గోలు వెనక అంగాళమ్మ

"ముందుకు దూకప్పా! గీత మీదే నిలబడితే ఎట్లా?"

గోలు వెనక నుంచి వచ్చిన ఆ కేకకు నాగేశప్ప ఉలిక్కిపడి ముందుకు దూకాడు. బంతి గుండెలకు తగిలి చేతుల్లో ఆగింది. చప్పట్లు కొట్టింది ఒక్క మనిషే. ఆట చూడటానికి వచ్చింది కూడా ఆ ఒక్క మనిషే.

1958లో కృష్ణగిరి విజయ ఫుట్‌బాల్ క్లబ్బుకు రెండు టీములు ఉండేవి. పెద్ద టీము ఆదివారాలు బెంగుళూరుకో సేలానికో ఆడటానికి పోతే, ఇక్కడ కొండ కింది మైదానంలో రిజర్వు టీము ఆడేది. పెద్ద టీము ఊళ్ళో ఆడే రోజు జనం గోడలెక్కి చూసేవారు. రిజర్వు ఆటకు ఆటగాళ్ళ ఇళ్ళవాళ్ళు కూడా వచ్చేవారు కాదు.

నాగేశప్పకు రావడానికి ఇంట్లో ఎవరూ లేరు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. హోసూరులోని మేనమామ అతణ్ణి క్లబ్బు వారి పిల్లల టీములో చేర్చి చేతులు దులుపుకున్నాడు. పెరిగి రిజర్వు టీముకు గోల్‌కీపరయ్యాడు. అక్కడే ఆగిపోయాడు. పెద్ద టీముకు గోలు కాసేది చెన్నరాయప్ప. పేపర్లో ఫోటో పడిన మనిషి. క్లబ్బు గదిలోనే కాపురం, పండక్కి కూడా కదిలేవాడు కాదు.

"ఊరికి పోవా అన్నా?" అని నాగేశప్ప అడిగితే ఒకసారి పెద్దగా నవ్వాడు.

"ఈ గోలు నా చేతిలో ఉన్నన్నాళ్ళూ ఊరి మొగం చూసేది లేదప్పా. నువ్వు లాక్కో, అప్పుడు పోతాను."

గోలు వెనక నిలబడే ఆమె పేరు అంగాళమ్మ. మొదటిసారి వచ్చినప్పుడు ఆట ముగిశాక నేరుగా నాగేశప్ప దగ్గరికే వచ్చి, ఉడకబెట్టిన చెనిక్కాయలు చేతిలో పోసింది.

"యాడి నుంచమ్మా?"

"కల్లావి నుంచి. ఇంట్లో ఒక్కదాన్నే. ఈడికొస్తే నాలుగు గొంతులు వినబడతాయి."

అతను ఇంకేమీ అడగలేదు. ఇంట్లోవాళ్ళ గురించి ఎవరైనా అడిగితే తనకు నచ్చదు. ఆమెకూ అంతే అనుకున్నాడు.

అప్పటి నుంచి ఆమె రిజర్వు ఆట వదల్లేదు. పెద్ద టీము ఊళ్ళో ఆడే రోజు మాత్రం వచ్చేది కాదు. "ఆ గుంపులో నాకు ఊపిరాడదప్పా" అనేది. బస్సెక్కే ముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"ఆ చెన్నరాయప్ప కన్నా నువ్వు బాగా పట్టేది ఎప్పుడప్పా?"

తన గురించి ఒక మనిషికి ఇంత తపన ఉండటం నాగేశప్పకు కొత్త. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, ఒక్కడే గదికి నడిచేవాడు. మళ్ళీ ఆదివారం దాకా అతణ్ణి ఆప్యాయంగా పిలిచేవాళ్ళుండరు.

ఒకసారి ప్రాక్టీసులో చెన్నరాయప్ప మోకాలు వాచింది. నాగేశప్ప సంతోషం దాచుకోలేక ఆమెకు చెప్పేశాడు.

"కాలు నయం కాకపోతే ఇంక నేనేనమ్మా!"

అంగాళమ్మ మొహం పాలిపోయింది. "నడస్తా ఉన్నాడా? డాక్టరు చూసినాడా?"

"చూసినాడు. ఉత్త వాపేనంట."

"దెబ్బ తగిలి కాదప్పా. ఎవురికీ దెబ్బ తగలకూడదు. నువ్వు బాగా ఆడి ఎక్కాల."

నాగేశప్ప సిగ్గుతో తల దించుకున్నాడు. ఈమె మనసు ముందు తన మనసు ఎంత చిన్నది!

మోకాలు నయమైంది. చెన్నరాయప్ప మళ్ళీ గోల్లో నిలబడ్డాడు. ఆ ఏడాదీ అట్లాగే పోయింది. నాగేశప్పకు విరక్తి పుట్టింది.

"నేను పోతానమ్మా. హోసూరులో మామ అంగట్లో పనుందంట."

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ళు నిండిపోయాయి.

"పోవద్దప్పా. నువ్వు పోతే ఇంక నాకు యాడుంది దిక్కు?"

ఆ మాట అతనితో ఎవరూ ఎప్పుడూ అనలేదు. నాగేశప్ప పోలేదు. పొద్దు పొడవకముందే మైదానానికి వచ్చి, మోచేతులు చెక్కుకుపోయేదాకా దూకాడు. గీత వదిలి ముందుకు రావడం నేర్చుకున్నాడు. ఎండాకాలంలో కోచ్ గోపాలప్ప ఇద్దరినీ ఒకే గోల్లో మార్చి మార్చి నిలబెట్టి బంతులు కొట్టించాడు. చెన్నరాయప్పకు అందనివి నాగేశప్పకు అందాయి.

ఆ ఆదివారం ఆమె బస్సు దిగకముందే నాగేశప్ప బస్టాండుకు పరుగెత్తాడు.

"అమ్మా! వచ్చే వారం బెంగుళూరు ఆటకు నేనే! చెన్నరాయప్పను తీసేసినారు!"

అంగాళమ్మ అక్కడే రాతి అరుగు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాగేశప్పకూ ఏడుపొచ్చింది.

"ఆ అబ్బాయి ఏమన్నాడప్పా?"

"మూట గట్టుకుంటా ఉన్నాడు. ఊరికి పోతాడంట."

"నిజంగా ఊరికి పోతాననే అన్నాడా?"

"అవునమ్మా. ఆయన సంగతి మనకెందుకు? బెంగుళూరుకు నిన్ను నేను పిల్చుకొని పోతాను. నువ్వు గోలు వెనక లేకపోతే నాకు చెయ్యాడదు."

ఆమె కళ్ళు తుడుచుకుని అతని తల నిమిరింది.

"ఇంక నేను రానప్పా. ఇంటికి పోయి వంట చెయ్యాల. నా కొడుకు వస్తా ఉన్నాడు."

నాగేశప్ప నిర్ఘాంతపోయాడు. ఈమెకు కొడుకున్నాడని ఇన్నాళ్ళూ తెలియదు.

"కొడుకా? పేరేమమ్మా?"

వచ్చిన బస్సే వెనక్కి తిరుగుతోంది. అంగాళమ్మ గబగబా మెట్టెక్కి, కమ్మీ పట్టుకుని వెనక్కి చూసింది.

"చెన్నరాయప్ప."