ఆరని ఆకాశం

శనివారం పొద్దున్నే, మంచు ఇంకా కిటికీ అద్దాలను వదలకముందే, గ్రూపులో గొడవ మొదలైంది.

"నత్త గారూ, ఇది ఆరో వారం. పెట్టె పంపుతున్నారా, లేదా?" అని పళ్ల డాక్టరు మెసేజి పెట్టింది.

గ్రూపులో పన్నెండు మంది. చలికాలం సెలవు రోజుల్లో ఇల్లు కదలకుండా జిగ్‌సా పజిళ్లు పేర్చుకోవడం వాళ్ల సరదా. ఒకరి పెట్టె ఇంకొకరికి కొరియర్‌లో తిరుగుతుంది. రెండు వారాల్లో బొమ్మ పేర్చాలి, ఫొటో పెట్టాలి, ముక్కలు పెట్టెలోకి ఊడ్చి తర్వాతి వాళ్లకు పంపాలి. ముక్కలు లెక్కపెట్టే అలవాటు ఒక్కరికీ లేదు. ఫొటో పడ్డాక లెక్క దేనికని వాళ్ల ధీమా.

గ్రూపు పెట్టింది పళ్ల డాక్టరే. "అందరం ఒకే కుటుంబం" అని పైన రాసింది కూడా ఆవిడే.

ఆ కుటుంబంలో ఒకాయనకు మాత్రం అసలు పేరు ఎప్పుడో పోయింది. ఏ పెట్టె వెళ్లినా నెల దాటితే గాని వదలడు కాబట్టి నత్త అన్నారు. ఆయన మొహం ఎవరూ చూడలేదు.

జవాబు వచ్చింది. "ఇంకో వారం ఇవ్వండమ్మా. ఆకాశం ఇంకా ఆరలేదు."

"ఆకాశం ఆరలేదట! ఉతికి దండెం మీద వేశాడా ఏంటి?" డ్రైవింగ్ స్కూలు మాస్టారు అందుకున్నాడు.

నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి.

డాక్టరుకు నవ్వు రాలేదు. ఆ పెట్టె ఆవిడది కాదు, అత్తగారిది. వెయ్యి ముక్కల లైట్‌హౌస్. మామగారు పోయేదాకా ఏటా చలికాలంలో ఆలుమగలిద్దరూ కూర్చుని పేర్చిన బొమ్మ. "భద్రంగా తెచ్చిస్తాను అత్తయ్యా, పూచీ నాది" అని బతిమాలి, ఇంట్లో ఒకసారి పేర్చి, ఫొటో తీసి, గ్రూపులోకి వదిలింది. చీటీ తీస్తే మొదటి వంతు నత్తకే వచ్చింది.

"వచ్చిందా?" వంటింట్లోంచి అత్తగారు.

"వస్తుంది అత్తయ్యా."

"ముక్కూ మొహం తెలియని వాడి చేతిలో పెట్టావు. మీ మామయ్య గుర్తు ఒక్కటుంటే, అదీ ఊరి మీదికి తోలావు."

ఆ మాట డాక్టరుకు సూదిలా దిగింది. ఆ కసంతా ఫోనులోకి పోయింది.

"అంతసేపు ఏం చేస్తారండీ దాంతో? మీ ఒక్కరివల్ల పదకొండు మందిమి చేతులు ముడుచుకు కూర్చున్నాం."

"చేరిన కొత్తలోనూ ఇంతే," మాస్టారు ఎగదోశాడు. "నా పెట్టెలో రెండు ముక్కలు తగ్గాయన్నాడు. మేం నమిలి మింగామా? ఆ రోజు నేను నాలుగు దులిపాక మళ్లీ నోరెత్తలేదు."

నిజమే. ఆ తర్వాత నత్త ఏ పెట్టెకూ వంక పెట్టలేదు.

"తప్పు నాదేనమ్మా. సోమవారం పంపేస్తాను," అని రాశాడు.

"పంపి, మీ దారి మీరు చూసుకోండి. మీలాంటి వాళ్లకు ఇక్కడ చోటు లేదు."

ఇంకో మాటకు వ్యవధి ఇవ్వకుండా డాక్టరు ఆయన్ని గ్రూపులోంచి తీసేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

బుధవారం పెట్టె వచ్చింది. ఆదివారం అత్తాకోడళ్లు బల్ల ముందు కూర్చున్నారు. సాయంత్రానికి బొమ్మ నిండింది. ఎక్కడా వెలితి లేదు.

అత్తగారు బొమ్మ మీద అరచెయ్యి ఆనించి, "బతికిపోయావు," అంది కోడలితో.

చలి పెరిగింది. డాక్టరు వంకెకున్న పాత స్వెట్టరు తొడుక్కుంది. పెట్టె సర్దిన రోజు వేసుకుని, మళ్లీ ఇవాళే ముట్టుకుంది. జేబులో వేళ్లకు ఏదో తగిలింది.

నీలం ముక్క. మూలన తెల్లటి పక్షి రెక్క కొస.

"ఇది మన లైట్‌హౌస్‌దే," అత్తగారు చూస్తూనే గుర్తుపట్టింది. "ఈ రెక్కను మీ మామయ్య ఎప్పుడూ ఆఖర్న పెట్టేవారు."

ఇద్దరూ బల్ల వైపు చూశారు.

పక్షికి రెండు రెక్కలూ ఉన్నాయి.

డాక్టరు ఆ చోటున్న ముక్కను గోటితో లేపి, జేబులో దొరికిన దాని పక్కన పెట్టింది. అదే వంపు, అదే నీలం. పెట్టుడు పళ్లు కట్టడమే వృత్తి అయిన మనిషి, ఏది అసలో తేల్చుకోలేకపోయింది. వెనక్కి తిప్పితే తెలిసింది. ఒకటి కంపెనీ ముక్క. రెండోది అట్ట మీద అట్ట అంటించి కోసినది. ఇంకా రంగు వాసన వస్తోంది.

ఆరనిది ఏ ఆకాశమో అప్పుడు అర్థమైంది.

తన వంతుకు వచ్చిన మాస్టారి పెట్టె అలమారలో ఉంది. గబగబా తెచ్చి బోర్లించి, ముక్కలన్నీ వెనక్కి తిప్పింది. రెండు కాదు, తొమ్మిది అట్ట ముక్కలు. ఆ పెట్టె నత్త చేతికి వెళ్లిన ప్రతిసారీ కొన్ని చేరినట్టున్నాయి.

నత్త నంబరుకు ఫోన్ చేసింది. ఒకమ్మాయి ఎత్తింది.

"నాన్నకివ్వనాండీ? గ్రూపు వాళ్లయితే మాట్లాడనన్నారు."

"ఒక్క నిమిషం అమ్మా... ఆయన ఏం చేసేవారు?"

"దుకాణాల బోర్డులు రాసేవారండీ. ఆ పని పోయి చాన్నాళ్లయింది. ఆ గ్రూపు పెట్టెలు రావడం మొదలయ్యాకే మళ్లీ కుంచె పట్టారు. మొన్న సోమవారం కుంచెలు, రంగులు అన్నీ ఎవరికో ఇచ్చేశారు. ఇంతకీ మీరెవరండీ?"

డాక్టరు ఫలానా అని చెప్పుకోలేక ఫోను పెట్టేసింది.

"అమ్మాయ్," అత్తగారు అట్ట ముక్కను దీపం కింద పట్టుకుంది. "దీని వెనక చీమ తలకాయంత అక్షరాలున్నాయి. నా కంటికి ఆనడం లేదు."

డాక్టరు పళ్లు చూసే భూతద్దం తెచ్చి కంటికి పెట్టుకుంది.

"అసలు ముక్క దొరికితే దీన్ని పారేయండి."